ఇంటిపేరు వదిలి వచ్చినవాడు

ఉమ్మడి కుటుంబం నుంచి అన్నదమ్ములలో ఒకడు వేరుపడితే ఊరు అడిగే మొదటి ప్రశ్న, తప్పెవరిదని. రెండవది, వాడి వాటాకు ఏం వచ్చిందని. వాడు కొత్తగా కట్టుకున్న ఇల్లు ఎలా ఉందో చూసే ఓపిక ఆ తరువాత ఎవరికీ మిగలదు. పేరుమోసిన రాక్ బృందాన్ని విడిచి వచ్చిన గాయకుడి తొలి సొంత ఆల్బంకు కూడా తరచు ఇదే గతి పడుతుంది. 1977 ఫిబ్రవరిలో పీటర్ గేబ్రియల్ వెలువరించిన తొలి ఆల్బం అటువంటిది. దానికి నిలకడ లేదనీ, ఒక పాటకూ మరొక పాటకూ పొంతన లేదనీ, చేసినవాడికే తానేం చేస్తున్నాడో తెలియదనీ అనేకులు అన్నారు, ఇప్పటికీ అంటున్నారు. ఆ మాటలన్నీ నిజమేనని ఒప్పుకుంటూనే, ఆ ఆల్బంను ఎందుకు ఆదరించాలో చెప్పడం ఈ టపా ఉద్దేశం.

ముందుగా ఆయన వదిలి వచ్చిన ఇంటి సంగతి కొంత చెప్పాలి. జెనెసిస్ బృందం 1967లో ఇంగ్లండులోని సర్రే ప్రాంతంలో, చార్టర్‌హౌస్ అనే పాతకాలపు ప్రతిష్ఠ గల బడిలో పుట్టింది. గేబ్రియల్, టోనీ బ్యాంక్స్, మైక్ రదర్‌ఫర్డ్ అక్కడి విద్యార్థులు. 1970లో డ్రమ్మర్‌గా ఫిల్ కాలిన్స్, ఆ వెనువెంటనే గిటారిస్టుగా స్టీవ్ హ్యాకెట్ వచ్చి చేరాక బృందానికి ఒక స్థిరమైన రూపం వచ్చింది. వీరి పాటలు మూడు నిమిషాల ప్రేమగీతాలు కావు. 1972లో వచ్చిన 'ఫాక్స్‌ట్రాట్' ఆల్బంలోని 'సప్పర్స్ రెడీ' అనే పాట ఒక్కటే సుమారు 23 నిమిషాలు సాగుతుంది. పురాణగాథలు, పిల్లల కథలు, బైబిలు చివరి ప్రళయ వర్ణనలు, లెక్కపెడితే తప్ప అంతుపట్టని తాళాలు, అన్నీ అందులో ఉంటాయి. రాక్ సంగీతాన్ని శాస్త్రీయ సంగీతమంత విస్తృతంగా అల్లాలని చూసిన తరం వారిది.

ఆ అల్లికకు ముఖం గేబ్రియల్. ముఖం అనడం కంటే ముఖాలు అనడం సబబు. 1972లో డబ్లిన్‌లో జరిగిన ఒక కచేరీలో, తోటివారికి ముందుగా చెప్పకుండా, భార్య ఎర్రగౌను తొడుక్కుని, నక్క తల తగిలించుకుని వేదిక మీదికి వచ్చాడు. అది మొదలు పువ్వు వేషం, ముసలివాడి వేషం, ఒళ్ళంతా బొబ్బలెక్కిన వికృతాకారం, ఇలా ఒక్కో పాటకు ఒక్కో వేషం. పత్రికలకు ఫొటోలు దొరికాయి, బృందానికి పేరు వచ్చింది. దానితోపాటు ఒక చిక్కు కూడా వచ్చింది. పాటలు అయిదుగురూ కలిసి కూర్చున్నవి. పత్రికలలో పడే బొమ్మ మాత్రం ఒక్కడిది. మన నాటక సమాజాల చరిత్ర తెలిసినవారికి ఈ చిక్కు గురించి విడమరచి చెప్పనక్కరలేదు.

1974లో 'ద లాంబ్ లైస్ డౌన్ ఆన్ బ్రాడ్‌వే' అనే జంట ఆల్బం తయారయ్యే వేళకు ఇంట్లో పొయ్యిలు వేరయ్యాయి. సంగీతం నలుగురూ కూర్చుకుంటూ ఉంటే, సాహిత్యం దాదాపు అంతా తానే వ్రాస్తానని గేబ్రియల్ పట్టుబట్టాడు. 'ద ఎక్సార్సిస్ట్' సినిమా తీసిన విలియం ఫ్రైడ్‌కిన్ ఆయన వ్రాసిన ఒక చిన్న కథ చూసి ముచ్చటపడి, సినిమా పనికి రమ్మని పిలిచాడు. గేబ్రియల్ కొద్దిరోజులు వెళ్ళాడు, బృందం నొచ్చుకుంది, ఆ సినిమా తేలలేదు, ఆయన తిరిగి వచ్చాడు. అదే ఏడు పుట్టిన తొలి బిడ్డ ప్రాణాపాయంలో ఉండగా ఆసుపత్రికీ రికార్డింగుకూ మధ్య తిరిగాడు. తోటివారికి వాయిదా పడుతున్న పని కనబడింది, ఆయనకు బిడ్డ కనబడింది. ఎవరి కష్టం వారికి పెద్దది. ఆ ఆల్బం కచేరీల యాత్ర మొదలైన కొద్దిరోజులకే, ఇది ముగిశాక వెళ్ళిపోతానని చెప్పేశాడు. చెప్పినట్టుగానే, వంద పైచిలుకు కచేరీలు పూర్తి చేసి, 1975 మే నెలలో సెలవు తీసుకున్నాడు. నడిమధ్యలో బండి దించి పోలేదు. ఇది గుర్తుంచుకోదగిన విషయం.

ఆ వేసవిలో పత్రికలకు ఆయన ఒక బహిరంగ లేఖ వ్రాశాడు. పాటలు వ్రాసుకోవడం కోసం తామంతా కలిసి కట్టుకున్న వాహనమే చివరికి తమను నడిపే యజమాని అయిందన్నది అందులోని సారాంశం. ఎవరినీ నిందించలేదు. తరువాత ఇంగ్లండు పశ్చిమ భాగాన, బాత్ నగరం పరిసరాలలో భార్యాబిడ్డలతో ఉంటూ, కూరగాయలు పండించుకుంటూ, పియానో దగ్గర కూర్చుంటూ చాలా కాలం మౌనంగా గడిపాడు. అక్కడ జెనెసిస్ కథ ముగిసిందనుకున్నవారు లేకపోలేదు. వాళ్ళు ఎందరెందరినో పరీక్షించి, సరైన గాయకుడు దొరక్క, చివరికి డ్రమ్ముల వెనుక కూర్చున్న ఫిల్ కాలిన్స్‌నే ముందుకు తెచ్చారు. 1976 ఫిబ్రవరిలో వచ్చిన 'ఎ ట్రిక్ ఆఫ్ ద టెయిల్' బ్రిటిష్ పట్టికలో 3వ స్థానానికి చేరింది. గేబ్రియల్ ఉన్న చివరి ఆల్బం 10వ స్థానం దగ్గరే ఆగింది. అంటే ఆయన లేకుండా ఇల్లు కూలలేదు సరికదా, ఇంకొక అంతస్తు లేచింది. వెళ్ళిపోయినవాడికి ఇంతకంటే కఠినమైన పరీక్ష ఉండదు. 'నేను లేకపోతే మీరేమవుతారో చూడండి' అనే చివరి ఓదార్పు కూడా ఆయనకు దక్కలేదు. తొలి ఆల్బం ఆ స్థితిలో పుట్టింది.

బృందాలను విడిచినవారి తొలి ఆల్బంలు స్థూలంగా మూడు రకాలని నాకు తోస్తుంది. మొదటి రకం, పాత ఇంటి నమూనాలోనే పక్క స్థలంలో మరొక ఇల్లు కట్టుకోవడం. 1979లో బ్లాక్ సబాత్ సాగనంపిన ఓజీ ఆస్బర్న్, 1980లో 'బ్లిజర్డ్ ఆఫ్ ఓజ్'తో చేసింది ఇటువంటిదే. ర్యాండీ రోడ్స్ అనే కొత్త గిటారు దొరికింది, నేల మాత్రం పాతదే. రెండవ రకం, పాత ఇంటిని నోరారా కాదని రావడం. బీటిల్స్ విచ్ఛిన్నమైన 1970లో జాన్ లెనన్ ఇచ్చిన ఆల్బం దీనికి మకుటాయమానం. వాద్యాలు తగ్గించి, అలంకారాలు ఊడ్చి, తనకు నమ్మకం లేనివాటి జాబితాలో చివరికి బీటిల్స్‌ను కూడా చేర్చాడు. మూడవ రకం, ఎటు పోవాలో తెలియక కనబడిన ప్రతి దారిలోనూ నాలుగడుగులు వేసి చూడడం. మొదటి రకానికి అభిమానులు దొరుకుతారు, రెండవదానికి విమర్శకులు దొరుకుతారు. మూడవదానికి సాధారణంగా ఎవరూ దొరకరు. గేబ్రియల్‌ది మూడవ రకం.

ఆ ఆల్బంకు పేరు కూడా లేదు. అట్ట మీద 'పీటర్ గేబ్రియల్' అని మాత్రం ఉంటుంది. తరువాతి ఆల్బంకూ, ఆ తరువాతిదానికీ, నాలుగవదానికీ అదే పేరు. పత్రిక ఒకటే అయినా సంచికలు మారుతున్నట్టు ఉండాలన్నది ఆయన ఆలోచన. నాలుగవదానికి అమెరికాలో కంపెనీవారు వేరే పేరు తగిలించారనుకోండి. జనం మాత్రం అట్టమీది బొమ్మలను బట్టి గుర్తుపెట్టుకున్నారు. మొదటిదాన్ని 'కార్' అన్నారు. నీటి బిందువులతో నిండిన కారు, ముందు అద్దం వెనుక కనబడీ కనబడని గేబ్రియల్ ముఖం. పింక్ ఫ్లాయిడ్ అట్టలతో ప్రసిద్ధులైన హిప్నోసిస్ సంస్థవారు చేసిన బొమ్మ అది. ఆ కారు కూడా ఆ సంస్థ భాగస్వామి స్టార్మ్ థార్గెర్సన్‌దే. ఇంటిపేరు అన్నదమ్ములకు వదిలేసి, పెట్టిన పేరు ఒక్కటే పట్టుకుని బయటికి వచ్చినవాడు ఆ పేరునే పదేపదే వ్రాసుకుంటున్నాడని నాకు అనిపిస్తుంది. నక్క తల పోయింది. ముఖం ఇంకా పూర్తిగా బయటికి రాలేదు. మధ్యలో తడిసిన అద్దం ఉంది. ఆల్బం లోపలి స్థితిని ఇంత నిజాయితీగా చెప్పిన అట్టలు అరుదు.

రికార్డింగు చాలా భాగం కెనడాలోని టొరాంటోలో జరిగింది. నిర్మాత బాబ్ ఎజ్రిన్. ఆలిస్ కూపర్‌కు, కిస్ బృందానికి భారీ ఆల్బంలు చేసిపెట్టినవాడు, రెండేళ్ళ తరువాత పింక్ ఫ్లాయిడ్ 'ద వాల్' నిర్మాణంలో పాలుపంచుకున్నవాడు. ఆయన తెచ్చిన వాద్యకారులు ఉత్తర అమెరికా స్టూడియోలలో చెయ్యి తిరిగినవారు. గేబ్రియల్ పిలవగా వచ్చినవాడు రాబర్ట్ ఫ్రిప్; 1974లో తన కింగ్ క్రిమ్సన్ బృందాన్ని తానే మూసివేసి ఉన్నవాడు. బేస్ గిటారుకు వచ్చిన టోనీ లెవిన్ అప్పటినుంచి దశాబ్దాల పాటు గేబ్రియల్ వెంటే ఉన్నాడు. 2023లో వచ్చిన 'ఐ/ఓ' ఆల్బంలోనూ ఆయన వాయించాడు. ఒక్క ఈ పరిచయం కోసమైనా ఈ తొలి ఆల్బంకు ఋణపడాలి.

పాటలు తొమ్మిది. మొదటిది 'మారిబండ్ ద బర్గర్‌మైస్టర్'. జనానికి పూనకం పట్టినట్టు ఆడే వ్యాధి సోకిన ఊరు, తికమకపడే పురపాలకుడు, గొంతులు మార్చి మార్చి పాడడం. ఇది జెనెసిస్ వేషాల పెట్టె నుంచి జారిపడిన పాట. మూడవది 'మాడర్న్ లవ్', గిటార్లు గట్టిగా మోగే అచ్చమైన రాక్. నాలుగవది 'ఎక్స్‌క్యూజ్ మీ', నలుగురు మగవాళ్ళు వాద్యాలు లేకుండా గొంతులు కలిపే పాతకాలపు అమెరికన్ పద్ధతిలో మొదలై, లెవిన్ ఊదే ట్యూబాతో నడుస్తుంది. 'వెయిటింగ్ ఫర్ ద బిగ్ వన్' ఏడు నిమిషాలు దాటే బ్లూస్. 'డౌన్ ద డోల్చే వీటా'లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా వచ్చి మీద పడుతుంది. ఈ నాలుగూ నాలుగు దుకాణాలలో కొన్న బట్టలు. కొన్ని ఆయనకు సరిపడలేదు. ముఖ్యంగా ఆ బ్లూస్ పాట వింటుంటే మేనమామ చొక్కా తొడుక్కున్న కుర్రవాడు గుర్తుకు వస్తాడు.

అయితే అడుగుదాం: ఏడెనిమిదేళ్ళు ఒకే బృందంలో, ఒకే రకమైన అల్లికలో, అదీ పదిహేడేళ్ళ వయసు నుంచి, బతికినవాడికి తన గొంతు ఏదో ముందే తెలిసి ఉండాలని మనం ఎందుకు ఆశించాలి? తెలిసి ఉంటే ఆయన విడిచి రావలసిన అవసరమే ఉండేది కాదు. ఏకరూపత లేదన్న విమర్శ నిజానికి తెలియనితనాన్ని దాచుకోలేదన్న విమర్శ. దాచుకోవడం ఆయనకు తెలియని విద్య కాదు. వేదికల మీద మూడేళ్ళు అదే చేశాడు. ఈసారి మానుకున్నాడు.

ఇక రెండవ పాట, 'సాల్స్‌బరీ హిల్'. బాత్ నగరానికి దగ్గరలో ఇనుపయుగం నాటి కోట ఆనవాళ్ళున్న నిజమైన కొండ అది. ఒక రాత్రి ఆ కొండ ఎక్కినవాడికి ఒక పిలుపు వినబడడం, దాన్ని నమ్మాలా వద్దా అని ఊగిసలాడడం, చివరికి ఉన్నదంతా వదులుకోవడానికి సిద్ధపడడం ఇందులోని విషయం. జెనెసిస్‌ను విడిచిన అనుభవమే ఈ పాటకు మూలం. బ్రిటన్‌లో ఈ పాట 13వ స్థానానికి, ఆల్బం 7వ స్థానానికి చేరాయి.

తెలుగు శ్రోతలకు ఈ పాటలో ప్రత్యేకంగా చూపవలసిన విషయం దాని నడక. రాక్ పాట సాధారణంగా నాలుగు దెబ్బల ఆవృతంలో నడుస్తుంది. ఇది ఏడింటిలో నడుస్తుంది. మనకు ఏడు కొత్త కాదు. మూడూ నాలుగుగా విరిగే మిశ్రచాపు మన కచేరీలలో నిత్యం వినబడేదే. క్షేత్రయ్య పదాలు చాలావరకు ఏడక్షరాల త్రిపుటలోనో మిశ్రచాపులోనో పాడుకుంటూ వస్తున్నాం. ఆ నడకకు ఒక గుణం ఉంది. ఎనిమిదవ దెబ్బ దగ్గర నిలబడదామనుకునేలోపే తరువాతి ఆవృతం వచ్చి చెయ్యి పట్టుకుని లాగుతుంది. పదాలలో అది విరహపు నిట్టూర్పుగా వినబడుతుంది. ఈ పాటలో అది కొండ దిగుతున్నవాడి కాలు ఆగనంటున్నట్టు వినబడుతుంది. పల్లవి చివర మాత్రం కొద్దిసేపు నాలుగు దెబ్బల నేల మీద కాళ్ళు ఆనుతాయి, మళ్ళీ ఏడు మొదలవుతుంది.

ఇక్కడే ఒక సూక్ష్మం ఉంది. బేసి తాళాలు గేబ్రియల్‌కు జెనెసిస్ ఇచ్చిన ఆస్తి. 'సప్పర్స్ రెడీ'లో తొమ్మిది దెబ్బల మీద నడిచే ఘట్టం వింటే, శ్రోత ముందు ఆ లెక్క తెలుస్తుంది, తరువాత ఆశ్చర్యం కలుగుతుంది. 'సాల్స్‌బరీ హిల్' వినేవారిలో నూటికి తొంభైమంది అది ఏడని గమనించనే గమనించరు. స్టీవ్ హంటర్ మీటే తీగల గిటారు, వేణువులాంటి చిన్న పలుకు, తడబడని డ్రమ్ము, అంతే. విద్య అక్కడ ఉంది, ప్రదర్శన లేదు. విడిచిన ఇంటి నుంచి ఏం తెచ్చుకున్నావన్న ప్రశ్నకు ఇంతకంటే మర్యాదైన జవాబు నేను వినలేదు. ఇంటిని తిట్టనూ లేదు, ఇంటిని మళ్ళీ కట్టనూ లేదు. నేర్చుకున్నదాన్ని తన అవసరానికి వాడుకున్నాడు.

ఆల్బం చివరి పాట 'హియర్ కమ్స్ ద ఫ్లడ్' దీనికి ఎదురు ఉదాహరణ. మనుషుల మనసుల మధ్య ఉన్న గోడలు ఒక్కసారిగా కూలి, ఒకరి ఆలోచనలు ఒకరికి వరదలా తెలిసిపోతే ఎవరు తట్టుకోగలరన్నది దాని భావం. లోపల దాచుకోవడానికి అలవాటుపడినవారు మునుగుతారు, ముందే తెరిచి ఉన్నవారు తేలుతారు. వేషాలు విప్పినవాడు వ్రాయవలసిన పాటే. కాని ఎజ్రిన్ దాని మీదికి గిటార్లను, డ్రమ్ములను ఎంతగా వదిలాడంటే, పాటలోని వరద కంటే ముందే పాట మునిగింది. ఇది నా ఒక్కడి అభిప్రాయమైతే పక్కన పెట్టవచ్చు. 1979లో ఫ్రిప్ తన 'ఎక్స్‌పోజర్' ఆల్బంలో ఇదే పాటను గేబ్రియల్ చేత అతి తక్కువ వాద్యాలతో పాడించాడు. 1990లో తన ఏరిన పాటల సంకలనానికి గేబ్రియల్ దాన్ని మళ్ళీ కొత్తగా, పియానో ప్రధానంగా పాడాడు. కవి తన పద్యాన్ని రెండుసార్లు తిరగవ్రాశాడంటే మొదటి ప్రతి మీద తీర్పు ఆయనే చెప్పినట్టు.

ఆల్బం మీద నాకున్న ఫిర్యాదు ఇది. పొంతన లేకపోవడం దోషం కాదు; అక్కడక్కడ భయపడి చప్పుడు వెనుక దాక్కోవడం దోషం. నిర్మాత ఇచ్చిన ఆ చప్పుడు కూడా ఒక వేషమే, నక్క తలకు చెవులు కోసి ఇచ్చినట్టు. 'హమ్‌డ్రమ్' అనే చిన్న పాటలో ఆ చప్పుడు తగ్గినచోట గొంతు ఎంత దగ్గరగా వినబడుతుందో చూస్తే, ఆల్బం మొత్తం ఎలా ఉండగలిగేదో అర్థమవుతుంది.

1980లో వచ్చిన మూడవ ఆల్బం దీనికంటే అన్నివిధాలా గట్టిది కదా, దాన్నే తొలి ఆల్బంగా భావించుకుంటే పోలేదా అనే మిత్రులున్నారు. గట్టిదే. డ్రమ్ములలో కంచు తాళాలు వాడకూడదన్న నియమం పెట్టుకుని చేసిన ఆల్బం అది. దక్షిణాఫ్రికా పోలీసు నిర్బంధంలో 1977లో మరణించిన స్టీవ్ బీకోపై పాటతో ముగుస్తుంది. బ్రిటన్‌లో 1వ స్థానానికి వెళ్ళింది. కాని ఏది వద్దో తెలిసినవాడే అటువంటి నియమం పెట్టుకోగలడు. ఏది వద్దో 1977 ఆల్బంలో అన్నీ తొడుక్కుని చూశాక తెలిసింది. మెట్టును తీసేసి మేడను ఉంచుకోలేం.

అన్నట్టు, ఆ మూడవ ఆల్బంలో డ్రమ్ములు వాయించినవారిలో ఫిల్ కాలిన్స్ ఒకడు. తన స్థానంలోకి వచ్చినవాడినే పిలిచి తన ఇంట్లో వాయించమన్నాడు గేబ్రియల్. ఆయన వచ్చి వాయించాడు. 1982లో దేశదేశాల సంగీతాలకు ఒక వేదిక కావాలని గేబ్రియల్ మొదలుపెట్టిన వోమాడ్ ఉత్సవం తొలి ఏటే అప్పులలో మునిగితే, పాత అన్నదమ్ములు అక్టోబరు 2న మిల్టన్ కీన్స్‌లో, వానలో, ఆయనతో కలిసి ఒక్కరోజు కచేరీ చేసి అప్పు తీర్చడానికి తోడ్పడ్డారు. ఆనాడు గేబ్రియల్ వేదిక మీదికి శవపేటికలో వచ్చాడు. పాత వేషగాడు పోయాడని చెప్పడానికి మళ్ళీ ఒక వేషం! 2022 మార్చిలో లండన్‌లో జెనెసిస్ చివరి కచేరీ జరిగినప్పుడు ఆయన ప్రేక్షకులలో కూర్చుని ఉన్నాడు. వేరుపడడం అంటే వైరం కాదని ఇంతకంటే ఎలా చెప్పాలి? తగవు తెగేదాకా కలిసి ఉండి, ఆ తరువాత ముఖాలు చూసుకోని బృందాలు ఎన్ని లేవు!

ఆ వేరుపాటు ఫలం మనదాకా కూడా వచ్చింది. సాల్స్‌బరీ కొండకు కొద్ది మైళ్ళ దూరంలోని బాక్స్ అనే పల్లెలో గేబ్రియల్ స్టూడియో కట్టాడు, 1989లో రియల్ వరల్డ్ రికార్డ్స్ మొదలుపెట్టాడు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారి 'రామ శ్రీరామ' 1994లో, కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన 'డ్రీమ్' 1995లో ఆ సంస్థ నుంచే వెలువడ్డాయి. ఉమ్మడి ఇంట్లోనే ఉండిపోయిన గేబ్రియల్ ఈ పని చేసి ఉండేవాడా? చేసేవాడు కాదనే నా నమ్మకం. తన గొంతు ఏదో వెదుక్కున్నవాడికే ఇతరుల గొంతులకు చోటివ్వాలన్న ఆలోచన పుడుతుంది.

కనుక ఈ ఆల్బం వినదలచినవారికి నా మనవి ఒక్కటే. జెనెసిస్ తూకపురాయి పక్కన పెట్టండి. తొమ్మిది పాటలూ వరుసగా వినండి, నచ్చనివాటిని నచ్చలేదనే అనండి. రెండవ పాట దగ్గర మాత్రం తొడ మీద చెయ్యి వేసి మూడూ నాలుగూ, మూడూ నాలుగూ అని తాళం వేయండి. ఆవృతం ముగిసిందనుకున్నచోట మీ చెయ్యి ఒక్క క్షణం గాలిలో ఆగితే, అతడు ఆ ఇంటి గడప దాటింది సరిగ్గా అక్కడే.